కంటి గట్టును ఆక్రమించిన కాటుక గారికి విన్నపం

మహారాజశ్రీ కాటుక పెన్సిలు గారి సముఖానికి,

విజయవాడ గవర్నర్‌పేటలో కాంటాక్టు లెన్సులు అమర్చే ఆప్టోమెట్రిస్టు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే కాని, ఈ ముహూర్తాల రోజుల్లో మా దగ్గరికి ఎర్రబడిన కళ్లతో వస్తున్న అమ్మాయిలను చూస్తే కుశలమంతా తమ పక్షానే ఉన్నట్టు తోస్తున్నది.

తమ వంశప్రతిష్ఠను శంకించే ధైర్యం నాకు లేదు. ఆముదపు దీపం మీద బోర్లించిన రాగి పళ్లానికి పట్టిన మసిలోంచి పుట్టి, పసిపిల్లల బుగ్గన దిష్టిచుక్కగా నిలిచి, తరతరాలు భరిణెల్లో కొలువుతీరి, చివరకు ప్లాస్టిక్కు పెన్సిల్లోకి కాపురం మార్చిన చరిత్ర తమది. సీసపు ఖనిజాన్ని నూరి చేసే సుర్మా తమకు దగ్గరి బంధువనీ, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆ బంధువును సౌందర్య సాధనాలలో రంగుగా అనుమతించలేదనీ పెళ్లిళ్లలో ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను.

నా ఫిర్యాదు హద్దుల గురించి. రెప్పవెంట్రుకలకు వెలుపల తమకు కావలసినంత చోటు ఉంది. అది చాలదన్నట్టు, వెంట్రుకలకూ కనుగుడ్డుకూ నడుమ తడిగా, లేత గులాబీ రంగులో కనిపించే సన్నని గట్టు మీదికి వచ్చి తిష్ఠ వేస్తున్నారు. బీసెంట్ రోడ్డులో సరుకంతా నడకదారి మీద పరిచి, నడిచేవాళ్లే తప్పు దారిన వచ్చినట్టు చూసే వ్యవహారం ఇది. అయ్యా, ఆ గట్టు ఖాళీ స్థలం కాదు. పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉండే మైబోమియన్ గ్రంథుల నోళ్లు అక్కడే తెరుచుకుంటాయి. అవి స్రవించే పలచని నూనె కన్నీటి పొర మీద పరుచుకుని, అది త్వరగా ఆవిరి కాకుండా కాపాడుతుంది. లెన్సు తేలేది ఆ పొర మీదే. తమ మైనమూ మసీ ఆ నోళ్లను పూడుస్తూ పోతే, మే నెల ఎండలో స్కూటీ మీద బెంజి సర్కిల్ దాటేలోపే లెన్సు ఆరి గరగరలాడుతుంది. రెప్ప వేసిన ప్రతిసారీ నల్లని రేణువులు కన్నీటిలో కలిసి దాని మీద పూత కడతాయి. పవరు మారిందేమోనని ఆ అమ్మాయి కంగారుగా మా దగ్గరికి వస్తుంది. కంటిని పెద్దదిగా చూపే స్లిట్ లాంపు కింద చూస్తే మారిన పవరేమీ ఉండదు, తమ సంతకమే ఉంటుంది: లెన్సు అంచున జిడ్డు మరక, దాని మీద నల్లటి చుక్కలు, నడుమ తమ సహచరుడు ఐషాడో వదిలిన మెరుపు రవ్వ ఒకటి.

ఇక పెళ్లింట తమ వైభవం చెప్పనలవి కాదు. ముహూర్తం తెల్లవారుజామున, బ్యూటీషియన్ పెట్టె తెరిచేది ముందు రాత్రి. ఒకే పెన్సిలు పెళ్లికూతురి కంటి నుంచి తోడపెళ్లికూతురి కంటికి, అక్కడి నుంచి పిన్నిగారి కంటికి, “మా బుజ్జిదానికీ కొంచెం పెట్టమ్మా” అనగానే పసిదాని కంటికి వెళ్తూ, ఒకరి కళ్లకలకను బంధువర్గమంతటికీ పసుపుకుంకుమలతో పాటు పంచిపెడుతుంది. మొన ఎండితే నాలుకకు తాకించి తడి చేయడమూ కద్దు. అలంకారమంతా ముగిశాక, అద్దంలో ముఖం మసకగా కనిపించి లెన్సు గుర్తొస్తే, పౌడరు అంటిన వేళ్లతోనే దాన్ని కంట్లో పెడతారు. నిజానికి చేతులు సబ్బుతో కడిగి, పీచు రాలని గుడ్డతో తుడుచుకుని ముందు లెన్సు పెట్టుకోవాలి, ఆ తరువాతే తమకు పిలుపు. హెయిర్ స్ప్రే కొట్టుకునేది ఉంటే లెన్సు కంటే ముందే, కళ్లు గట్టిగా మూసుకుని కానివ్వాలి. అప్పగింతలయ్యాక అలసిపోయి, లెన్సుతోనూ తమతోనూ కలిసి నిద్రపోవడం మరీ అన్యాయం. మొదట లెన్సు తీయాలి, దాని తరువాత నూనె లేని రిమూవరుతో తమను సాగనంపాలి. లెన్సు ఉండగానే కొబ్బరినూనె పట్టించి రుద్దితే ఆ జిడ్డు లెన్సును ఓ పట్టాన వదలదు. ఆ జిడ్డు లెన్సును కుళాయి కింద పెట్టి కడగడం అంతకంటే చేటు: నీటిలో ఉండే అకాంతమీబా అనే ఏకకణజీవి కార్నియాకు, అంటే కనుగుడ్డు ముందుండే పారదర్శక పొరకు, పట్టిందంటే చూపే పోవచ్చు. కుళాయిలోది సాక్షాత్తూ కృష్ణమ్మ నీరైనా ఇందులో మినహాయింపు లేదు.

కనుక తమరు దయచేసి వెంట్రుకల వరుసకు వెలుపలికి జరగాలి, మనిషికొక పెన్సిలుగా విడి కాపురాలు పెట్టాలి, పని మొదలుపెట్టే ముందు మొన చెక్కించుకోవాలి. కన్ను ఎర్రబడిన నాడు లెన్సుకూ తమకూ సెలవు. ఆ కంటిని తాకిన పెన్సిలు మాత్రం సెలవు ముగిశాక తిరిగి విధుల్లో చేరడానికి వీల్లేదు, నేరుగా చెత్తబుట్టకే.

ఇట్లు,
తమ విధేయురాలు

తా.క.: అదే సంచిలో విశ్రమిస్తున్న మస్కారా గారికి తెలియజేయగలరు: మూత తెరిచిన 3 నెలలకు ఆయన పదవీకాలం ముగుస్తుంది. ఎండిపోయానని నీటిచుక్క వేయించుకుని గడువు పొడిగించుకునే ఆచారం చెల్లదు. వాటర్‌ప్రూఫ్ అనే బిరుదు చూపించి లెన్సు పెట్టుకునేవారి ఇళ్లలో దూరడమూ మానాలి. ఆయనను కదిలించడానికి నూనె రిమూవరే కావలసి వస్తున్నది. కిందటేడు మాఘమాసపు పెళ్లికి కొన్న సీసా ఒకటి సత్యనారాయణపురంలో ఇప్పటికీ పెత్తనం చేస్తున్నదని వినికిడి.