గజం ధరలో శబ్దం ఫ్రీ

ఐర్లాండ్‌లోని డబ్లిన్ విమానాశ్రయానికి 2021లో శబ్దం గురించి 13,569 ఫిర్యాదులు వస్తే, వాటిలో 12,272 ఒకే మనిషివి. సగటున రోజుకు దాదాపు 34. అదీ కరోనా దెబ్బకు విమానాలు బాగా తగ్గిన ఏడాదిలో. మరుసటి ఏడాది ఒక్కరి నుంచే 23,431 వచ్చాయి. లోకమంతా నవ్వుకుంది. నాకు మాత్రం బాధేసింది. అంత ఓపికున్న మనిషి తెలంగాణలో పుట్టి ఉంటే ఈపాటికి మన పట్టాదారు పాస్‌బుక్కుల్లో తప్పులన్నీ దిద్దించేసేవాడు.

విమానాశ్రయాలకు ఇలాంటివాళ్లు దొరకడం మహాభాగ్యం. ఒక్కడే వేలల్లో రాస్తే పిచ్చివాడు, ఎవరూ రాయకపోతే అసలు శబ్దమే లేదు. మిగతా 1,297 ఫిర్యాదులు ఎవరివో అడిగే నాథుడు లేడు.

హైదరాబాద్‌లో ఇలాంటి అనాగరికత లేదు. 2008 మార్చి దాకా బేగంపేటలో విమానాలు డాబాల మీద బట్టలారేసేవాళ్లు టైర్లు లెక్కపెట్టుకునేంత కిందికి దిగేవి. జనం మాట ఆపి, అది వెళ్లాక అదే వాక్యాన్ని క్రియ దగ్గర అందుకునేవాళ్లు.

శంషాబాద్ వచ్చాక ఇంకా ఎదిగాం. ఏ వెంచర్ బ్రోచర్ తిప్పినా 'ఎయిర్‌పోర్టుకు పదిహేను నిమిషాలు' అని ఉంటుంది. విమానానికి ఆ ప్లాటు పదిహేను సెకన్లేనని మాత్రం వేయరు. చోటు చాలదు కాబోలు.

నివాస ప్రాంతాల్లో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదన్నది మన దేశంలో నిబంధన. రద్దీ విమానాశ్రయాల పరిసరాలకైతే 2018లో కేంద్రం 65 దాకా ఒప్పుకుంది. గజం రేటు పెరిగేకొద్దీ చెవులూ గట్టిపడతాయని ఢిల్లీలో ఎవరో మేధావి కనిపెట్టి ఉంటాడు.

ఇక ఫిర్యాదు ఎవరు చేస్తారు? నిద్ర పట్టడం లేదని ఎవరైనా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారో, క్షణాల్లో జవాబొస్తుంది: "సార్, కాస్త డిలీట్ చేయండి, నా ప్లాటు రీసేల్‌కి పెట్టాను." పైగా శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. అర్ధరాత్రి గల్ఫ్ విమానం నెత్తిమీదుగా పోయినా ఈస్ట్ ఫేసింగ్‌లో, వాస్తు తప్పకుండా పోతుంది. గాలి తిరిగి పడమటి ముఖంగా దిగే రోజున మాత్రం గజానికి ఓ ఐదొందలు బేరమాడొచ్చు.