పీకించుకోవడానికి ఏ ఊరైనా ఒకటే, పెట్టించుకోవడానికి కాదు

మూడేళ్ళ కిందట ఒక ఉదయం పళ్ళు తోముకుంటుంటే, కింది దవడలో ఎడమవైపున్న ఇంప్లాంట్ (ఊడిన పంటి చోట ఎముకలో దించే లోహపు వేరు) మీది క్యాప్, అంటే పంటి ఆకారపు తొడుగు, నాలుక తగిలినప్పుడల్లా సన్నగా కదులుతున్నట్టు అనిపించింది. నొప్పి లేదు, వాపు లేదు, రక్తమూ లేదు. నేను నివసించే దేశంలోని దంతవైద్యురాలు ఎక్స్‌రే తీసి చూసి, ఎముకలో ఇంప్లాంట్ గట్టిగానే ఉందనీ, దానికీ క్యాప్‌కూ మధ్యనున్న స్క్రూ మాత్రమే వదులైందనీ, బిగిస్తే సరిపోతుందనీ, అది పది నిమిషాల పనేననీ చెప్పారు. ఆ వెంటనే ఆవిడ అడిగిన చిన్న ప్రశ్నకే నా దగ్గర జవాబు లేకపోయింది: ఇది ఏ కంపెనీ ఇంప్లాంట్?

నాకు తెలియదు. అంతకు నాలుగేళ్ళ ముందు, సెలవులు కలిసొచ్చాయని వేరే దేశంలో పెట్టించుకుని వచ్చాను. అక్కడ నా చేతికి ఇచ్చిన కాగితం డబ్బు ముట్టినట్టు రసీదు ఒక్కటే. ఆ ఆసుపత్రికి ఉత్తరం రాస్తే, ఆ డాక్టరు ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదని రెండు వాక్యాల జవాబు వచ్చింది. బయటివాళ్ళకు స్క్రూ అంటే స్క్రూయే గాని, ఇంప్లాంట్లలో ఒక్కో కంపెనీ స్క్రూ తల ఒక్కో తీరుగా ఉంటుంది. కొన్నిటికి ఆరు పలకల గుంట ఉంటుంది, ఆ గుంట వెడల్పు కూడా ఒకరిది 1.2 మిల్లీమీటర్లయితే మరొకరిది 1.25, ఇంకొన్నిటికి నక్షత్రం ఆకారంలో ఉంటుంది. తేడా వెంట్రుక మందమే అయినా, సరిపడని స్క్రూడ్రైవర్‌తో తిప్పితే గుంట అంచులు అరిగిపోయి, ఆ తర్వాత సరైనది దొరికినా పట్టు చిక్కదు. క్యాప్ నడినెత్తి మీది చిన్న పూత తొలగించి, ఆవిడ తన సొరుగులోంచి ఒకదాని తర్వాత ఒకటిగా మూడు తీసి, ఒక్కొక్కటీ ఆనించి చూసి, తిప్పకుండానే వెనక్కి పెట్టేయడం, నోరు తెరుచుకుని పడుకున్న నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. చివరికి ఎక్స్‌రేలో కనిపించిన మరల తీరును బట్టి అది ఏ రకమో పోల్చుకుని, దానికి తగిన పనిముట్టు తెప్పించి బిగించేసరికి అయిదు వారాలు పట్టింది.

ప్రవాసులు నలుగురు కూడినచోట పళ్ళ ప్రస్తావన వస్తే, అది ఎక్కడ చౌక అన్న లెక్కతో మొదలై ఆ లెక్కతోనే ముగుస్తుంది. పన్ను ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్న సామెతను మనం పెట్టించుకోవడానికి కూడా వర్తింపజేసుకుంటున్నట్టు నాకు తోస్తుంది. ఖర్చు కంటే ముందు తేల్చుకోవలసింది, ఈ పంటిని రేపు చూసేది ఎవరన్నది. రాబోయే అయిదారేళ్ళు ఎక్కడ ఉండబోతున్నామో అక్కడే ఇంప్లాంట్ వేయించుకోవాలనీ, అది బొత్తిగా కుదరనప్పుడు మొదలుపెట్టినవారి చేతనే ముగింపజేసుకునేలా ముందే ఏర్పాటు చేసుకోవాలనీ నా అభిప్రాయం.

ఎముకకు మన సెలవు చీటీతో నిమిత్తం లేదు. స్వీడన్ శాస్త్రవేత్త పర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో రక్తప్రసరణను గమనించడం కోసం కుందేళ్ళ కాలి ఎముకలో టైటానియం పరికరాలు అమర్చి, పని అయ్యాక తీయబోతే, అవి ఎముకతో ఏకమైపోయి ఊడిరాలేదు. ఆ అనుకోని సంగతే దారి మళ్ళి, 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటి రోగి దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చేదాకా వెళ్ళింది; ఆ రోగి ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు వాటితోనే నమిలాడు. బ్రోనెమార్క్ పెట్టిన నియమం కింది దవడకు సుమారు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడకు ఆరు నెలలు ఇంప్లాంట్ మీద బరువు పడకుండా ఆగాలని. తర్వాతి కాలంలో ఇంప్లాంట్ ఉపరితలాన్ని గరుకుగా తయారుచేయడం వల్ల ఈ గడువు చాలామందిలో బాగా తగ్గిన మాట నిజం. బిగింపు తగినంత వచ్చినప్పుడు అదే రోజు తాత్కాలికంగా ఒక పన్ను పెట్టి పంపడమూ ఉంది. అయితే ప్రకటనల్లో కనిపించే ఒక్కరోజు పళ్ళు చాలావరకు ఆ తాత్కాలికమైనవే. అసలు క్యాప్ నెలల తర్వాత రావలసిందే.

సెలవుల్లో ఇంప్లాంట్ పెట్టించుకునేవారిలో చాలామందికి ఎవరూ చెప్పని సంగతి మరొకటి ఉంది. దిగ్గొట్టిన మొదటి రోజు ఇంప్లాంట్‌కు ఉండే పట్టు, చెక్కలో బిగించిన స్క్రూకు ఉండే పట్టు లాంటిదే. తర్వాత దాని చుట్టూ ఉన్న పాత ఎముక కొంత కరిగి, ఆ చోట కొత్తది పుట్టుకొస్తుంది. పాతది తగ్గి కొత్తది ఇంకా గట్టిపడని మూడు, నాలుగు వారాల మధ్యే పట్టు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పటికి మనం విమానం దిగి, ఉద్యోగంలో పడి, నొప్పి లేదు కదా అని ఆ వైపు నమలడం మొదలుపెట్టి ఉంటాం. చూసి ఆపమని చెప్పవలసిన డాక్టరు సముద్రానికి అవతల ఉంటారు. పై దవడ వెనుకభాగంలో ఎముక చాలక సైనస్ (ముక్కు పక్క ఎముకలోని గాలి గది) కింద ఎముకపొడి నింపించుకున్నవారి సంగతి ఇంకా సున్నితం. విమానం లోపలి గాలి ఒత్తిడి 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున కొండమీద ఉన్నంతే ఉంటుంది కనుక, కనీసం రెండు వారాలు ప్రయాణం వద్దని, ముక్కు గట్టిగా చీదవద్దని చెబుతారు. టికెట్టు తేదీ చూసుకుని ఆపరేషన్ తేదీ పెట్టుకునేవారు ఈ లెక్క ముందే అడగాలి.

ఇంప్లాంట్ కంటే ఎక్కువమందికి ఎదురయ్యేది రూట్ కెనాల్, అంటే పాడైన నరం తీసి పంటి వేరులోని కాలువలను శుభ్రం చేసి మూసే చికిత్స. సెలవులో రూట్ కెనాల్ చేయించుకుని, క్యాప్ వచ్చే సెలవుకు వాయిదా వేసుకోవడం మనలో అలవాటుగా మారిపోయింది. పంటిలో తాత్కాలికంగా నింపినది కొన్ని వారాలకు ఉద్దేశించినది. అది ఊడి సందు ఏర్పడితే ఉమ్మితో పాటు సూక్ష్మజీవులు శుభ్రం చేసిన కాలువల్లోకే దిగుతాయి. పైగా లోపల తొలిచిన దవడపన్ను నమిలేటప్పుడు నిలువునా చీలే ప్రమాదం ఎక్కువ, చీలిక వేరుదాకా పోతే పీకడం తప్ప దారి లేదు. అప్పుడు ఇంప్లాంట్ అవసరపడుతుంది. క్యాప్ ఆలస్యం వల్ల ఇంప్లాంట్‌దాకా వచ్చినవాళ్ళు నాకు తెలిసినవారిలోనే ముగ్గురున్నారు.

రక్షించదగ్గ పంటిని పీకి ఇంప్లాంట్ పెట్టేద్దామనే మాట ఎవరు చెప్పినా, మరొక డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దని నేను అంటాను. సొంత పంటి వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన నరాలున్న ఒక మెత్తటి పొర ఉంటుంది. పంటి కింద చిన్న రాయి పడితే ప్రాణం జివ్వుమనేది చాలావరకు ఆ పొర వల్లనే. ఇంప్లాంట్‌కు ఆ పొర ఉండదు, కనుక ఎంత గట్టిగా కొరుకుతున్నామో దానికి సరిగా తెలియదు. చిగురు పాడై చీము ఎముకదాకా దిగుతున్నా చాలాకాలం నొప్పి కూడా రాకపోవచ్చు. అందుకే ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎవరో ఒకరు చిగురు లోతు కొలిచి, గార తీసి, అవసరమైతే ఎక్స్‌రే తీసి పాతదానితో పోల్చి చూడాలి. పాత ఎక్స్‌రే మరొక దేశంలో ఉండిపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

భాష సంగతి మనం తేలిగ్గా తీసుకుంటాం. పన్ను జివ్వుమంటుంది, సలుపుతుంది, పోటు పెడుతుంది, గుంజుతుంది, ఒక్కోసారి దవడంతా తీపు తీస్తుంది. పరాయి భాషలో కుర్చీలో కూర్చునేసరికి ఇవన్నీ నొప్పి అనే ఒక్క మాటలో కలిసిపోయి, పదికి ఎన్ని మార్కులని అడిగితే ఏడని చెప్పి ఊరుకుంటాం. నిజానికి డాక్టరుకు కావలసింది ఆ అంకె కంటే మన మాటల వెనకున్న తేడాయే. చల్లనీళ్ళు తగిలి జివ్వుమని రెండు మూడు క్షణాల్లో తగ్గిపోతే లోపలి నరం ఇంకా దక్కే అవకాశం ఉంది. వేడి తగిలి మొదలై నిమిషాల తరబడి ఆగకుండా, రాత్రి నిద్రలేపి మరీ సలిపితే రూట్ కెనాల్‌దాకా వెళ్ళినట్టే లెక్క. కొరికి వదిలినప్పుడు చురుక్కుమంటే పంటిలో చీలిక ఉందేమోనని చూస్తారు. కనుక భాష ఎంత రాకపోయినా మూడు సంగతులు ముందే రాసుకుని వెళ్ళాలి: దేనివల్ల మొదలవుతోంది, ఎంతసేపు ఉంటోంది, రాత్రి నిద్ర లేపుతోందా. ఈ మూడిటికీ జవాబు వేళ్ళతో చూపించి అయినా చెప్పవచ్చు.

అంకెలు కూడా మోసం చేస్తాయి. ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడే రెండంకెల పద్ధతిలో 14 అంటే పై దవడలో కుడివైపు కోరపన్ను పక్కనున్న చిన్న దవడపన్ను. అమెరికాలో 1 నుంచి 32 వరకు వరుసగా లెక్కపెట్టే పద్ధతిలో అదే 14 అంటే పై దవడలో ఎడమవైపు మొదటి పెద్ద దవడపన్ను. వైపు కూడా మారిపోయింది చూడండి. ఒక దేశంలో రాసిన చీటీ పట్టుకుని మరొక దేశానికి వెళ్ళేవారు, అంకె పక్కన పై, కింది, కుడి, ఎడమ అని మాటల్లో రాయించుకోవడం మంచిది.

ఖర్చుకు భయపడి వేరే దేశం వెళ్ళేవారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు, నేనూ వెళ్ళినవాడినే. చాలా ఆరోగ్య బీమాలు పళ్ళను పక్కన పెడతాయి, పెట్టనివి కూడా ఏడాదికి ఇంతేనని కట్టడి చేస్తాయి, కొన్ని పాలసీలయితే బీమా తీసుకునేనాటికే ఊడిపోయి ఉన్న పంటికి పైసా ఇవ్వమని చిన్న అక్షరాల్లో రాసి ఉంచుతాయి. కొత్తగా దేశం మారేవారు ఈ షరతు చదవకుండా, పన్ను పీకించుకుని వెళ్ళి అక్కడ పెట్టించుకుందామనుకుంటే దెబ్బతింటారు. నేను కాదనేది ప్రయాణాన్ని కాదు, రెండు వారాల ప్రయాణంలో ఆరునెలల పని ఇరికించడాన్ని.

అలా వెళ్ళక తప్పనివారు పట్టుబట్టి అడగవలసినవి రెండున్నాయి. మొదటిది స్టిక్కరు. ఇంప్లాంట్ వచ్చే డబ్బాలోనే కంపెనీ, రకం, వ్యాసం, పొడవు, బ్యాచ్ నంబరు అచ్చువేసిన అతికించే చీటీలు ఉంటాయి. ఒకటి డాక్టరు దస్త్రానికైతే మరొకటి మన చేతికి రావాలి. యూరోపియన్ యూనియన్‌లో 2021 మే నుంచి అమలవుతున్న వైద్య పరికరాల నియమావళి, శరీరంలో అమర్చే పరికరాలకు రోగి చేతికి కార్డు ఇవ్వాలంటుంది. క్యాప్‌లకు, ఫిల్లింగులకు అందులో మినహాయింపు ఉంది గాని ఎముకలో దిగే ఇంప్లాంట్‌కు లేదు. ఇతర దేశాల్లో అడిగితే కాదనే డాక్టరును నేనింకా చూడలేదు. అడగకపోవడం నా తప్పే. స్కానింగ్ తీస్తే తెర మీది బొమ్మకు ఫోన్‌తో తీసిన ఫొటోతో సరిపెట్టుకోకుండా అసలు ఫైలే తీసుకోవాలి.

రెండోది క్యాప్ బిగించే పద్ధతి. కొన్ని క్యాప్‌లను సిమెంటుతో అతికిస్తారు, కొన్నిటిని స్క్రూతో బిగిస్తారు. సిమెంటుది చూడడానికి నున్నగా ఉంటుంది, కాని చిగురు కింద జారి మిగిలిపోయిన సిమెంటు తర్వాత వాపుకు కారణం కావచ్చు, పైగా లోపలి స్క్రూ వదులైతే క్యాప్ కోయవలసి రావచ్చు. స్క్రూతో బిగించినదైతే, సరిపడే స్క్రూడ్రైవర్ ఉంటే పైపూత తీసి ఏ డాక్టరైనా విప్పి చూడగలరు. ఇంప్లాంట్ వాలు అనుమతించిన ప్రతిచోటా, దేశాలు మారుతూ బతికే మనలాంటివాళ్ళు స్క్రూదే కోరాలని నా గట్టి నమ్మకం. నా క్యాప్ సిమెంటుది కాకపోవడం, ఆ మొత్తం వ్యవహారంలో నాకు కలిసొచ్చిన ఒకే ఒక్క అదృష్టం.

మన ప్రవాసుల సంఘం ప్రతి ఏటా ఆరోగ్య శిబిరాలు పెడుతోంది, వాటిలో రక్తపోటు, చక్కెర చూస్తున్నారు. పళ్ళకు కూడా ఒక బల్ల వేసి, అక్కడ రెండు భాషల్లో అచ్చువేసిన ఒక్క పేజీ పత్రం పంచాలని నా ప్రతిపాదన. అందులో ఒకవైపు ఏ పంటికి ఏ పని, ఎప్పుడు, ఏ ఇంప్లాంట్ అన్న వివరాలు, స్టిక్కరు అతికించే చోటు ఉండాలి. రక్తం పలచబరిచే మాత్రలు, ఎముకలు గుల్లబారకుండా వేసుకునే ఎలెండ్రోనేట్ లాంటి మాత్రలు వాడుతున్నారా అన్న ప్రశ్న కూడా ఉండాలి. పన్ను పీకాక దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం అరుదే అయినా ఈ ఎలెండ్రోనేట్‌తో ఉంది, మన దగ్గరికి వచ్చి ఉండే తల్లిదండ్రులలో చాలామంది అది మాత్రే కదా అని డాక్టరుకు చెప్పరు. రెండోవైపు మన నొప్పి మాటలు, వాటి ఎదురుగా స్థానిక భాషలో వాటి అర్థం ఉండాలి. సంఘంలోని దంతవైద్యులు ఒక సాయంత్రం కూర్చుని సరిచూస్తే చాలు, ముసాయిదా నేను రాసి ఉంచాను. సలుపుకు ఎదురుగా ఏ మాట రాయాలన్నదే ఇంకా తేలలేదు.