తేలికపాటి వాన ఎవరికి తేలిక?

మార్చిలో ఒక సాయంత్రం, హనుమకొండలో మా ఇంటి వరండాలో జరిగిన వాదన ఇది. నేను బడిపంతుల్ని. పదో తరగతి పిల్లల కోసం వాన, ఎండ, గాలి, మబ్బుల మాటలకు అర్థాలు చెప్పే చిన్న పదకోశం ఒకటి రెండేళ్లుగా నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మా బామ్మర్ది నర్సంపేట దగ్గర చపాట మిర్చి వేస్తాడు. ఆ రోజు కాయ కల్లంలో ఎండుతోంది, మావాడు మందుల షాపు బాకీ కట్టడానికి టౌనుకొచ్చి మా ఇంట్లో ఆగాడు. టీవీలో "ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు" అని వచ్చింది. అక్కడ అంటుకుంది. రాసేది నేను కాబట్టి నా మాటలు సాగి ఉంటాయి, వాడివి కొన్ని ఎగిరిపోయి ఉంటాయి, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నా.

బామ్మర్ది: ఒకటి రెండు చోట్ల అంట. ఆ ఒకటి ఏదో, రెండోది ఏదో చెప్తే బతికిపోతాం కదా బావా. పడితే మేం ముందే చెప్పాం అంటారు, పడకపోతే మీ ఊరు ఆ రెండిట్లో లేదంటారు. ఎటైనా వాళ్లే గెలుస్తారు.

బావ: ఇదిగో, ఇందుకే నేను ఆ పుస్తకం రాస్తున్నది. అది నోటికొచ్చిన మాట కాదు, వాతావరణ శాఖ దగ్గర దానికో లెక్క ఉంది. ఒక ప్రాంతంలో ఉన్న వర్షమాపక కేంద్రాల్లో పావు వంతు దాకా వాన పడితే 'ఒకటి రెండు చోట్ల'. 26 నుంచి 50 శాతం కేంద్రాల్లో పడితే 'కొన్ని చోట్ల', 51 నుంచి 75 అయితే 'చాలా చోట్ల', అదీ దాటితే 'దాదాపు అన్ని చోట్లా'. నాలుగు మెట్లు. వార్తలు రాసేవాళ్లు కింది రెండు మెట్లనూ కలిపి 'అక్కడక్కడా' అని పడేస్తారు, దాంతో నీకు అంతా ఒకటే అనిపిస్తుంది.

బామ్మర్ది: అంటే నా కల్లంలో పడటానికి రూపాయిలో పావలా ఛాన్సు.

బావ: కాదు కాదు. అది ఎంత మేర పడుతుందో చెప్పే మాట. పడే అవకాశం ఎంతో చెప్పేది కాదు. రెండూ వేరు.

బామ్మర్ది: ఆ వేరుతో నేను ఇప్పుడు ఏం చేయాలి? పట్టా కప్పాలా, వద్దా?

(ఇక్కడ నేను టీ తాగాను.)

బామ్మర్ది: సరే వదిలెయ్. తేలికపాటి అంటే ఎంత?

బావ: 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్ల నుంచి 15.5 దాకా. 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు. 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి కాదు, పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా.

బామ్మర్ది: కల్లంలో కాయకు మూడు మిల్లీమీటర్లు చాలు బావా. తడిసిందంటే రంగు పోతుంది, రంగు పోయిందంటే తాలు. తాలు పట్టుకుని ఎనుమాముల మార్కెట్‌కి పోయి నిలబడు ఒకసారి, ఆ కమీషన్ ఏజెంటు గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుని మళ్లీ బస్తాలో పడేసే తీరు చూస్తే తేలికపాటి అంటే ఏందో తెలుస్తుంది. అదే మూడు మిల్లీమీటర్లు జూలైలో పత్తి చేన్లో పడితే దుమ్ము కూడా అణగదు. మరి తేలిక ఎవరికి? మీ మాటల్లో ఎంత పడిందో ఉంటుంది, ఎవరి మీద పడిందో ఉండదు. మా అమ్మ 'పదును వాన' అనేది. గింజ వేస్తే మొలిచేంత తడి లోపలికి దిగింది అని. దానికి మిల్లీమీటర్లు లేవు. చెల్క నేలకు ఒక తీరు, రేగడి నేలకు ఒక తీరు. ఆ మాట వింటే ఏం పని చేయాలో తెలిసిపోతుంది. నీ పుస్తకంలో ఉందా అది?

బావ: ఉంది. కానీ పదును అంటే నువ్వూ నీ పక్కచేను ఆయనా మాట్లాడుకోవడానికి బాగుంటుంది, ములుగు నుంచి హైదరాబాద్‌కు అదే మాట పంపించు చూద్దాం. 2023 జూలైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, జూలై 27 పొద్దున ఎనిమిదిన్నరకు తీసిన లెక్క. తెలంగాణలో అంతకుముందు రికార్డు 2013 జూలైలో వాజేడులో పడిన 517.5. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇది ఎక్కువ, అది తక్కువ అని చెప్పగలుగుతున్నామంటే రెండు చోట్లా ఒకే కొలత, ఒకే రోజు లెక్క వాడారు కాబట్టి. ఇది ఊరికే రాలేదు. 1802లో లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అని మందులు తయారుచేసే ఆయన మబ్బులకు లాటిన్ పేర్లు పెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. వృత్తికి ఆకాశంతో సంబంధమే లేదు. 1896లో దేశాలన్నీ కలిసి మబ్బుల అట్లాసు అచ్చేశాయి, రంగు బొమ్మలు పెట్టి మరీ, ఎక్కడ కూర్చున్నవాడైనా తల పైకెత్తి చూసి అదే మబ్బుకు అదే పేరు రాయాలని. మనవాళ్లు కారుమబ్బు అంటారు. నలుపు చూసి పెట్టిన పేరు. రోజంతా ముసురు పట్టించే మబ్బూ నల్లగానే ఉంటుంది, అరగంటలో పిడుగులేసి పోయేదీ నల్లగానే ఉంటుంది. మొదటిది నింబోస్ట్రాటస్, రెండోది క్యుములోనింబస్. నీ కల్లానికి ఈ రెండింటికీ తేడా లేదా?

బామ్మర్ది: ఉంది. క్యుములోనింబస్ అయితే మా ఊర్లో ముసలోళ్లకు కూడా నోరు తిరిగింది, టీవీ పుణ్యమా అని. సరే, 649 నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతా. మీ ఆఖరి మెట్టు ఎక్కడ?

బావ: 204.5.

బామ్మర్ది: అంటే 210 పడినా అత్యంత భారీ, 650 పడినా అత్యంత భారీ. ఆ రోజు భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి వాళ్లు ఇళ్ల కప్పుల మీద కూర్చుంటే హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది. వాళ్లకు ముందు రోజు చెప్పడానికి మీ దగ్గర మాట లేదు. అయిపోయింది. రెడ్ అలర్ట్ అంటారు, ఆ ఎరుపు 210కీ అదే, 650కీ అదే.

బావ: ... అది నిజమే.

బామ్మర్ది: ఇంకోటి విను. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను. కోనసీమ దగ్గర తీరం దాటింది, బలహీనపడింది, ఇక వాయుగుండమే అన్నారు. బలహీనపడింది అంటే మేం హమ్మయ్య అనుకున్నాం. ఆ హమ్మయ్య అన్న రోజే కదా ఇక్కడ మీ హనుమకొండ కాలనీల్లో ఇళ్లల్లోకి నీళ్లొచ్చింది, మా దగ్గర కోసిన వరి కొట్టుకుపోయింది? బలహీనపడింది అని రాసినాయన ఇంటికి ఒకసారి పోయి చూడాలనిపించింది నాకు.

బావ: ఇప్పుడు నువ్వు నా వైపు వచ్చావు, నీకే తెలియడం లేదు. ఆ పేర్లన్నీ గాలి మీద పెట్టినవి బామ్మర్దీ. గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 వాయుగుండం. 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం. 62 నుంచి తుఫాను, 89 నుంచి తీవ్ర తుఫాను, అట్లా 222 దగ్గర సూపర్ సైక్లోన్ దాకా పోతుంది. మొత్తం వరసలో వాన అన్న మాటే లేదు. బలహీనపడింది అంటే గాలి తగ్గింది అని, అంతే. సముద్రం మీంచి మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడికీ పోలేదు, మన నెత్తి మీదే ఉన్నాయి. నేల మీదికొచ్చాక మెల్లగా కదిలితే ఒక్కచోటే కుమ్మరిస్తుంది. ఆ మాట కింద ఎవరైనా 'ఇది వాన సంగతి చెప్పదు' అని ఒక్క లైను రాసి, అది బళ్లో చెప్పి ఉంటే నువ్వు ఆ రోజు హమ్మయ్య అనుకునేవాడివి కాదు. తప్పు మాటది కాదు, దాన్ని అర్థం లేకుండా ఊరి మీదికి వదిలిన మాది.

బామ్మర్ది: టీవీలో చదివే ఆ పిల్ల నీ పుస్తకం చదువుతుందా?

బావ: నా దగ్గర చదువుకున్న పిల్లే అయి ఉండొచ్చు కదా!

ఇక్కడ మావాడు నా నోటుబుక్కు లాక్కున్నాడు. అసలు వాదన పక్కదారి పట్టింది ఇక్కడే.

బామ్మర్ది: మొగులు ఏది?

బావ: 'మేఘం' చూడు. పక్కన బ్రాకెట్‌లో ఉంది.

బామ్మర్ది: ఉడుకపోత?

బావ: 'ఉక్కపోత' పక్కన బ్రాకెట్‌లో.

బామ్మర్ది: మిరుగం?

బావ: 'మృగశిర కార్తె'...

బామ్మర్ది: బ్రాకెట్‌లో! వరంగల్‌లో కూర్చుని వరంగల్ పిల్లలకు రాసే పుస్తకంలో కూడా మా మాటలు బ్రాకెట్లోనే. తెలంగాణ వచ్చి ఇన్నేళ్లయింది, మొగులు ఇంకా బ్రాకెట్ దాటలేదా బావా?

బావ: పరీక్ష పేపర్లో మేఘం అని వస్తుంది, మొగులు అని రాదు. పిల్లవాడికి మార్కులు కావాలి కదా.

మా ఆవిడ (లోపల్నుంచి): మిరుగం అని మా అమ్మ అనకపోతే ఈయనకు జూన్ 7 గుర్తుండేదే కాదు.

బావ: 8.

మా ఆవిడ: 7.

ఈ ఏడూ ఎనిమిదీ మీద పావుగంట పోయింది. క్యాలెండర్ తీశారు, పాత పంచాంగం తీశారు. కార్తె సూర్యుడి లెక్క కాబట్టి ఏటా ఒకటి రెండు రోజుల తేడాతో అక్కడక్కడే వస్తుందని నేను చెప్పబోయాను, ఎవరూ వినలేదు. చేపల కూర ఏ రోజు వండాలన్నది అసలు గొడవ అని తర్వాత తెలిసింది. మళ్లీ దారికి తెచ్చింది నేనే.

బావ: బ్రాకెట్ సంగతి ఒప్పుకుంటా. కానీ సొంత మాటలు ఉంటే చాలు, పుస్తకం అక్కర్లేదు అనకు. 'వాతావరణం' అన్న ఒక్క మాట ఎంత చాకిరీ చేస్తోందో చూడు. భూమి చుట్టూ ఉన్న గాలి పొర, అదీ వాతావరణమే. ఈ సాయంత్రం మబ్బు పట్టింది, అదీ వాతావరణమే. ముప్పై ఏళ్లు లెక్కగట్టి ఒక చోట ఎండా వానా సగటున ఎట్లా ఉంటాయో చెప్పేది, అదీ వాతావరణమే. మూడోదానికి పాఠ్యపుస్తకాల్లో 'శీతోష్ణస్థితి' అని విడిగా మాట ఉంది, కానీ బడి గేటు దాటితే దాన్ని ఎవరూ పలకరు. ఏమవుతుంది? మొన్న మా తరగతిలో ఒక పిల్లవాడు 'నిన్న వాతావరణ మార్పు వల్ల మ్యాచ్ ఆగిపోయింది' అని రాశాడు. తప్పు అని ఎర్ర ఇంకు పెట్టాను కానీ, పెడుతుంటే చెయ్యి ఆడలేదు. వాడు చదివే పేపర్లో ఒక పేజీలో మబ్బు పడితే వాతావరణం మారింది అంటారు, ఇంకో పేజీలో ధ్రువాల్లో మంచు కరిగితే వాతావరణ మార్పు అంటారు. ఇప్పుడు కొలతకు పెట్టుకున్న ముప్పై ఏళ్లు 1991 నుంచి 2020 దాకా. నిన్నటి జల్లుకు, ముప్పై ఏళ్ల సగటు జరగడానికి ఒకే పేరు పెడితే, నిన్న చలేసింది కాబట్టి భూమి వేడెక్కడం అబద్ధం అనేవాడు ప్రతి వీధిలో తయారవుతాడు. మీ ఊర్లో లేడా?

బామ్మర్ది: ఉన్నాడు. సర్పంచికి పోటీ కూడా చేశాడు.

(మావాడు నవ్వుతూనే పేజీలు తిప్పుతున్నాడు. నేను గెలిచాననుకున్నా.)

బామ్మర్ది: ఇదేంది బావా? 'ఉపరితల ఆవర్తనం: సముద్రమట్టానికి 1.5, 3.1, 5.8 కిలోమీటర్లు, ఇట్లా పైఎత్తుల్లో గాలి సుడి తిరగడం.' నువ్వే రాశావా?

బావ: అవును. రోజూ వార్తల్లో వచ్చేదే కదా.

బామ్మర్ది: భూ ఉపరితలం అంటే?

బావ: నేల పైభాగం. మనం నిలబడ్డది.

బామ్మర్ది: మరి మూడు కిలోమీటర్ల ఎత్తున తిరిగేది ఉపరితలం ఎట్లయింది?

నేను చాలాసేపు మాట్లాడలేదు. ఇంగ్లీషులో అది అప్పర్ ఎయిర్, అంటే పైగాలి. తెలుగులోకి వచ్చేసరికి నేలకు దిగింది. అన్ని ఛానళ్లలో, అన్ని పేపర్లలో వస్తున్న మాట, నా చేతి రాతతో రెండేళ్లుగా నా కళ్ల ముందే ఉంది. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. సైన్సు చెప్పేవాడిని.

బామ్మర్ది: 'పైగాలి సుడి' అని రాసుకో.

రాసుకున్నా. బ్రాకెట్ లేకుండా.

బావ: ఇంకోటి కూడా చేస్తా. ప్రతి మాట కింద ఏం కొలుస్తుందో రాసినట్టే, ఏం కొలవదో కూడా రాస్తా. 'సాధారణ వర్షపాతం' ఉంది చూడు, సగటు కన్నా 19 శాతం తక్కువైనా, 19 శాతం ఎక్కువైనా అది సాధారణమే. ఇరవై రోజులు ఎండగొట్టి ఒక్క రాత్రి దంచినా సీజను మొత్తం కూడికకు సరిపోతే సాధారణమే. పత్తి మొలక బతికిందా చచ్చిందా అన్నది ఆ మాటకు తెలియదు అని రాస్తా.

బామ్మర్ది: రాయి. మా వ్యవసాయాఫీసరుకు ఒక కాపీ పంపు.

అప్పటికి చీకటి పడింది. దూరంగా తూర్పున మెరిసింది. మావాడు మాట మధ్యలో ఆపి ఫోన్ తీశాడు, కొడుక్కి చేశాడు, పట్టాలు కప్పండి, అంచుల మీద రాళ్లు పెట్టండి, గాలి ఉంటుందట అని. ఆ 'ఉంటుందట' నా పుస్తకం నుంచి కాదు, టీవీ నుంచే. ఆఖరి బస్సు పట్టుకుని వెళ్లిపోయాడు.

పొద్దున ఆరింటికి ఫోన్. నల్లబెల్లి వైపు గట్టిగానే పడిందట, వీళ్ల కల్లంలో ఒక్క చినుకు లేదు. చూశావా, ఒకటి రెండు చోట్ల అన్నది అదే అని నేను అనబోతుంటే మావాడు అడ్డుకున్నాడు. రాత్రంతా పట్టా కింద కాయ చెమట పట్టి మెత్తబడిందట, అడుగు వరస రంగు దిగుతోందట. కప్పకపోతే ఏమీ అయ్యేది కాదు.

"ఈ చెమటకు నీ పుస్తకంలో ఏం పేరుంది బావా?" అన్నాడు.

గాలిలో తేమ శాతం అని ఏదో మొదలుపెట్టాను. అవతల పట్టా లాగుతున్న చప్పుడు, ఎండ రాకముందే పలచగా నెరపండి అని ఎవరినో అరుస్తున్నాడు. ఫోన్ కట్ చేయడం కూడా మర్చిపోయాడు.