కౌఫ్‌మన్ వీరుల ఆడపోలిక చేతగానితనం కాదు

“18వ శతాబ్దపు స్త్రీ చిత్రకారులకు పురాణగాథలు అలంకారమే. మగ శరీరాన్ని చూసి గీసే వీల్లేదు కాబట్టే వాళ్ళ వీరులు ఆడపిల్లల్లా ఉంటారు” అన్న మాట తెగ తిరుగుతోంది. ఉదాహరణకు ఎక్కువగా ఆంజెలికా కౌఫ్‌మన్‌నే (1741–1807) చూపిస్తారు. ఆవిడ బొమ్మల్ని సరిగ్గా చూస్తే ఈ మాట నిలవదు.

వీల్లేదన్నది సగమే నిజం. అప్పటి శిక్షణలో మూడు మెట్లు: అచ్చువేసిన చిత్రాలు చూసి గీయడం, శిల్పాలకు తీసిన ప్లాస్టర్ పోతలు (నకళ్ళు) చూసి గీయడం, చివరికి నగ్న మోడల్. లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ 1768 వ్యవస్థాపక సభ్యుల్లో కౌఫ్‌మన్, మేరీ మోజర్ ఉన్నా మూడో మెట్టు వాళ్ళకు అందలేదు. 1771–72లో చిత్రకారుడు జోఫనీ వేసిన సభ్యుల చిత్రంలో మగవాళ్ళు మోడల్ చుట్టూ ఉంటే, వీళ్ళిద్దరూ గోడమీద పటాలు. నష్టం చిన్నదేం కాదు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మారితే తుంటి ఎటు వాలుతుందో, ఏ కండ బిగుస్తుందో కదలని పోత చూపించలేదు. అయినా ఇటలీలో ప్రాచీన శిల్పాల ముందు కూర్చుని గీసిన మనిషికి మగ శరీరం తెలియదనడం అన్యాయం.

ఇక ఆడపోలిక. అకాడమీ 1769 ప్రదర్శనలో కౌఫ్‌మన్ పెట్టిన గ్రీకు వీరుడు అకిలీస్ చిత్రం ఇప్పుడు ఇంగ్లండ్‌లో డెవన్‌లోని సాల్ట్రమ్ భవనంలో ఉంది. కొడుకు యుద్ధానికి పోకుండా తల్లి థెటిస్ ఆడవేషం వేసి స్కైరోస్ రాజు కూతుళ్ళలో దాచింది. అతన్ని పట్టుకోడానికి గ్రీకు వీరుడు యులిసీస్ నగల్లో ఆయుధాలు కలిపి తెచ్చాడు. అకిలీస్ చెయ్యి ఆయుధం మీదికే పోయింది. ముఖం చూడగానే మగవాడని తెలిసిపోతే ఇక కథేముంది? బృహన్నలను ఎరిగిన మనకు ఇది కొత్త కాదు.

అలంకారమన్న మాటైతే పూర్తిగా తప్పు. ఇటలీ సంప్రదాయంలో రేఖకు పురుషరూపం, రంగుకు స్త్రీరూపం ఇచ్చేవారు. 1650లలో ఇటలీ చిత్రకారుడు గ్వెర్చినో వేసిన చిత్రంలో రేఖ ముసలాయన, వర్ణచిత్రం యువతి. బుద్ధి మగవాడిది, సొగసు ఆడదానిది అన్న లెక్క అది. కౌఫ్‌మన్ 1778–80లో కల్పన, కూర్పు, రేఖ, వర్ణం అని నాలుగు అండాకార చిత్రాలు వేసి నలుగురినీ స్త్రీలనే చేసింది. వర్ణం కుంచెను ఇంద్రధనుస్సుకు ఆనిస్తుంది, దగ్గర్లో ఊసరవెల్లి. రేఖ ఎదుట బెల్వెడీర్ మొండెం అనే ప్రాచీన శిల్పం. తల లేదు, చేతుల్లేవు, కాళ్ళు మోకాళ్ళ దాకానే. హెర్క్యులిస్‌దని తరతరాలుగా చెప్పుకున్న, నడుము దగ్గర మెలితిరిగిన ఆ నగ్నదేహాన్ని ఆమె కూర్చుని గీస్తోంది.

మోడల్ గదిలోకి స్త్రీలను రానివ్వని అకాడమీ, సోమర్సెట్ హౌస్‌లోని తన కౌన్సిల్ గది పైకప్పుకి పెట్టుకున్నది ఈ బొమ్మనే.