బాబాయి చేతిలో పోయిన పదిహేను వందలు

ఆ ప్రొఫెసరు రోజూ మా నాన్నని పేరు అడిగేవాడు. నిన్న చెప్పారు, మొన్నా చెప్పారు. ఇవాళ మళ్లీ అదే తెల్లకోటు, అదే పలకరింపు, అదే ప్రశ్న. "ఇంత మతిమరుపు మనిషికి ప్రొఫెసరు ఉద్యోగం ఎవరిచ్చార్రా?" అని నాన్న మా వాణ్ణి నిలదీసేవారు. అక్కడితో ఆగడు కదా! పక్కనున్న కుర్రాణ్ణి చూపించి, వీడు నా మనవడే గానీ పేరు గుర్తు రావడం లేదు, కాస్త నువ్వే చెప్పు అంటాడు. మా వాణ్ణి పిలవాలంటే ముందు అక్క పిల్లలిద్దరి పేర్లూ, ఆ తర్వాత నా పేరూ పిలిచి, ఆఖరికి "ఒరేయ్, నువ్వేరా" అనే నాన్నకి కూడా ఇది మరీ విడ్డూరంగా తోచింది.

ఆ ప్రొఫెసరు ఉండేది ఒక వీడియో గేమ్‌లో. ఆట పేరు పోకెమాన్ రెడ్. దసరా ముందు చిక్కడపల్లి ఫ్లాట్లో అటక దులుపుతుంటే ఇత్తడి గంగాళం వెనక దొరికింది. 1999లో అక్క అమెరికాలో చదువుకుంటూ, ఎవరో పాత సామాన్లు అమ్ముకుంటుంటే కొని నాకు పంపింది. చేత్తో పట్టుకుని ఆడుకునే బరువైన బూడిదరంగు గేమ్‌బాయ్, దాని వీపులో గుచ్చే ఎర్ర క్యాసెట్. గడ్డిలో తిరిగి వింత జీవాల్ని పట్టుకోవాలి, పెంచాలి, ఎదుటివాడి జీవాలతో పోటీకి దింపాలి. మొత్తం 151 రకాలు. మా వాడికి కార్టూన్ల పుణ్యమా అని వాటి పేర్లన్నీ నోటికొచ్చు. లెక్కలు మాత్రం రావు.

అప్పటికి నాన్న రిటైరై, చేసేందుకు పనిలేక, వంటింట్లో డబ్బాలన్నిటికీ "జీలకర్ర", "ఆవాలు" అని చీటీలు రాసి అంటిస్తున్నారు. అమ్మ ప్రాణం విసిగి, ఆ గేమ్‌బాయ్ ఏదో ఆయన చేతిలో పెట్టమని మా వాడికి చెప్పింది. ఇంట్లో శాంతి కోసమే.

పేరు దగ్గరే మొదటి పేచీ. నాన్న సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసిన మనిషి. ఇంటిపేరుతో సహా రాయడం మొదలుపెట్టారు. ఆట ఏడు ఇంగ్లీషు అక్షరాలకు మించి ఒప్పుకోదు. ఇంటిపేరుతోనే ఏడూ అయిపోయాయి, అసలు పేరు గడప దాటలేదు. ఇక మనతో పోటీకొచ్చే ఆ ప్రొఫెసరు మనవడికి ఏం పేరు పెట్టాలి? నాన్న క్షణం ఆలోచించలేదు. "తమ్ముడు" అని కొట్టారు. లెక్కపెడితే సరిగ్గా ఏడు. తమ్ముడంటే మా బాబాయి, పిన్ని భర్త, నాన్నకి తోడల్లుడు. ఇద్దరి మధ్యా ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్నది స్నేహమో పోటీయో మాకెవరికీ తెలీదు.

తర్వాత మూడు జీవాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. బల్బసార్‌ది మొక్కల జాతి, చార్మాండర్‌ది నిప్పు, స్క్వర్టిల్‌ది నీళ్లు. "నీళ్లదే తీసుకుందాం, ఎండాకాలం ట్యాంకర్ ఖర్చు తప్పుతుంది" అన్నారు నాన్న. ఆయన నీళ్లు తీసుకున్నాడో లేదో, అవతలివాడు మొక్క తీసుకున్నాడు. మర్నాడు ఈయన మొక్క తీసుకుంటే వాడు నిప్పు. ఆ మర్నాడు ఈయన నిప్పు, వాడు నీళ్లు. మనం ఏది తీసుకుంటే దాని మీద పైచేయి అయ్యేదాన్నే వాడు పట్టుకుంటాడు, ఆట తీరే అలా ఉంది. "అచ్చం తమ్ముడేరా. నేను ఏ వెంచర్లో ప్లాటు కొన్నా నా ఎదురు కార్నర్ బిట్ కొంటాడు!"

రోజూ మళ్లీ మొదట్నించీ ఎందుకంటే, ఆట సేవ్ కావడం లేదు. సేవ్ నొక్కితే చక్కగా సేవ్ చేశానని చెబుతుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఏమీ ఉండదు, మళ్లీ ప్రొఫెసరు, మళ్లీ పేరు. నాన్న దీన్ని సిస్టం తప్పని అనుకోలేదు. ఆఫీసులో ఫైలు పోతే కొత్త ఫైలు తెరిచినంత శాంతంగా రోజూ తొమ్మిదింటికి మొదలుపెట్టేవారు. ఆ గేమ్‌బాయ్ తెరకి లోపల లైటుండదు. అందుకని ట్యూబ్‌లైటు కింద కుర్చీ వేసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దాన్ని అటూ ఇటూ వంచుతూ కూర్చునేవారు. దూరంనుంచి చూసిన పక్కింటావిడ, మీ వారు విష్ణు సహస్రనామం పట్టారా అని అమ్మని అడిగింది.

ఆట మొదలయ్యే పాలెట్ టౌన్‌లో రెండే ఇళ్లు, ఒక ల్యాబు. ఎవరింట్లోకైనా నేరుగా వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. "చెప్పులైనా విప్పడా వీడు" అని నాన్న బాధ. అక్కణ్ణుంచి విరిడియన్ సిటీకి నడిచి వెళ్తే కొట్టువాడు, మీ ప్రొఫెసరుకి ఈ పార్సిల్ ఇవ్వండి అని చేతిలో పెడతాడు. మళ్లీ అంత దూరం వెనక్కి. పార్సిల్ అందుకున్న ప్రొఫెసరు రసీదివ్వలేదని నాన్న ఆ రోజంతా గొణుగుతూనే ఉన్నారు. ఇంకా నయం, పట్టుకున్న జీవాల వివరాలు రాసుకునే పోకెడెక్స్ అనే యంత్రం ఇచ్చాడు. రిజిస్టరు లాంటిది దొరికేసరికి నాన్న మొహం వెలిగింది.

విరిడియన్ సిటీలో రోడ్డుకడ్డంగా ఒక ముసలాయన పడుకుని ఉంటాడు. ఇది ప్రైవేటు స్థలం, వెళ్లడానికి వీల్లేదంటాడు. ఇంకా కాఫీ పడలేదని మనవరాలు సర్దిచెబుతుంది. పార్సిల్ పని ముగించుకుని వచ్చేసరికి కాఫీ తాగి లేచి నిలబడతాడు, జీవాల్ని ఎలా పట్టాలో నేర్పుతాడు కూడా. ఆట మొత్తంలో నాన్న వెనకేసుకొచ్చిన మనిషి ఇతనొక్కడే. "చాయ్ పడకపోతే మనిషి ఎలా లేస్తాడ్రా?"

మిగతావాళ్లంతా దోపిడీగాళ్లే. కొట్లో మూడువేలు జేబులో పెట్టుకుని నిలబడితే బంతి ఒక్కోటీ రెండొందలు. ఆ బంతి విసిరితేనే జీవం చిక్కుతుంది. "బేరం లేదా?" లేదు. అయితే వద్దు. ఆ విధంగా నాన్న జీవాల్ని పట్టే ఆటలో ఒక్క జీవాన్నీ పట్టకుండా, తన ఒక్కగానొక్క చార్మాండర్‌ని వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగారు. ఉత్తరాన అడవిలో గొంగళిపురుగులు, ముల్లు గుచ్చి విషమెక్కించే వీడిల్ పురుగులు. ఆ ఆటని సృష్టించిన సతోషి తాజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టే పిచ్చి ఉండేదట, ఈ ఆలోచన పుట్టింది అక్కడే. నాన్నకి ఆ సంగతి చెప్తే, "వాళ్ల నాన్న ఏం చేసేవాడో?" అన్నారు. విషమెక్కిన చార్మాండర్‌కి నడిచేకొద్దీ ఓపిక తగ్గిపోతుంది. కాళ్లీడ్చుకుంటూ వెనక్కొస్తే ఆస్పత్రిలో నర్సు క్షణంలో బాగుచేసి పంపింది. పైసా తీసుకోలేదు. నాన్న ఆ ఆస్పత్రిని మర్చిపోలేకపోయారు.

ఒక రోజు అడవి వద్దనుకుని పడమటి దారి పట్టారు. అక్కడ "తమ్ముడు" కాచుకుని ఉన్నాడు. పొద్దున ల్యాబులో ఒకసారి ఓడించింది చాలదన్నట్టు, ఈసారి పిజీ అనే పిట్టని కూడా వెంటబెట్టుకొచ్చాడు. రెండిటి ముందు చార్మాండర్ ఎంతసేపు నిలుస్తుంది? ఈ ఆటలో మన జీవాలన్నీ సొమ్మసిల్లితే మన కళ్లకీ చీకట్లు కమ్ముతాయి, జేబులో డబ్బు సగం ఎగిరిపోతుంది, కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి దగ్గరుంటాం.

రాత్రి అన్నం దగ్గర నాన్న మా వాడికి చెప్పిన మాటలు ఇవి:

"ఒరేయ్, ఇవాళ తమ్ముడి చేతిలో చిత్తుగా ఓడిపోయాన్రా. మూడువేల్లో సగం పోయింది. కళ్లు తిరిగి పడిపోయి, ఆస్పత్రి దగ్గర లేచాను."

అమ్మ మజ్జిగ గిన్నెతో గుమ్మంలో ఉంది. ఒక్క ముక్క అడగలేదు. గిన్నె అక్కడే పెట్టి, బాల్కనీలోకి వెళ్లి పిన్నికి ఫోన్ చేసింది. "మీ ఆయన మా ఆయన్ని పేకాటకి ఎప్పట్నించి తీసుకెళ్తున్నాడే?"

కూకట్‌పల్లిలో ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత తెలిసింది. బాబాయి నిద్రలోంచి లేచి, "అన్నయ్యతో నేనెప్పుడూ ఆడలేదే!" అన్నారట. అయితే ఎవరితో ఆడుతున్నారు అని పిన్ని అక్కడికక్కడే రెండో కేసు తెరిచింది.

పొద్దున్న ఎనిమిదికల్లా బాబాయి మా గుమ్మంలో ఉన్నారు. రెడ్ లైన్ మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైనుకి మారి వచ్చారు. 1996లో జపాన్‌లో ఈ ఆట మొదట విడుదలైంది కూడా రెడ్, గ్రీన్ అనే రెండు రకాల్లోనేనని మా వాడు సందర్భం చూడకుండా ప్రకటించాడు. బాబాయి ఒక చేతిలో యాపిల్స్, కొబ్బరిబొండాలు. ఇంకో చేతిలో పిన్ని లెక్కపెట్టి ఇచ్చిన కవరు, అందులో పదిహేను వందలు.

"అన్నయ్యా, ఎలా ఉంది ఒంట్లో? ఏ ఆస్పత్రి?"

"విరిడియన్ సిటీ."

"అదెక్కడ, కొంపల్లి వైపా? కొత్త గేటెడ్ కమ్యూనిటీనా?"

"ఉత్తరానే. అడవి పక్కన."

"బిల్లెంతయింది?"

"ఫ్రీ."

"ఫ్రీయా! ఏ కార్డూ అడగలేదూ?"

ఇంకాసేపు సాగేదే. మా వాడు నవ్వాపుకోలేక గేమ్‌బాయ్ తెచ్చి బాబాయి ఒళ్లో పెట్టాడు. విషయం అర్థమవగానే బాబాయికి కోపం రావాలి కదా? రాలేదు. అడిగింది ఒక్కటే. "అంటే, నేను గెలిచానన్నమాట. ఏదీ, నన్ను చూపించు."

చూపించడానికి ఆట మిగిలుండాలి. ఆఫ్ చేస్తే అంతా పోతుందని నాన్న ఈమధ్య రాత్రిళ్లు కూడా దాన్ని ఆన్‌లోనే ఉంచుతున్నారు. దానికి నాలుగు పెన్సిల్ సెల్స్ కావాలి. గోడ గడియారం, బెడ్‌రూం గడియారం అప్పటికే ఆగిపోయి ఉన్నాయి, మేం కొత్తవి కొనాలనుకుంటున్నాం కూడా. బాబాయి చేతుల్లోనే ఎర్ర దీపం మినుకుమంది, ఆరింది. మళ్లీ ప్రొఫెసరు. మళ్లీ పేరు.

బాబాయి టెలిఫోన్ల శాఖలో చేశారు. క్యాసెట్ అటూ ఇటూ తిప్పి, "లోపల బటన్ సెల్ చచ్చిపోయుంటుంది అన్నయ్యా, ఆట గుర్తుపెట్టుకునేది దానితోనే. ఇరవై ఏళ్లు దాటాక ఏ సెల్లు బతుకుతుంది? పద, కోఠి" అన్నారు. యాపిల్స్ తిన్న పేషెంటూ, పరామర్శకొచ్చిన తోడల్లుడూ మెట్రోలో సుల్తాన్ బజార్‌లో దిగి గుజరాతీ గల్లీకి నడిచారు. పదిహేను వందల కవరుని అమ్మ జీలకర్ర డబ్బాలో వేసేసింది. అది ఎవరి డబ్బో ఇప్పటికీ తేలలేదు.

క్యాసెట్‌కున్న స్క్రూ మామూలు స్క్రూడ్రైవర్లకి లొంగే రకం కాదు. గల్లీలో కుర్రాడు కంగారుపడలేదు. బాల్‌పెన్ను గొట్టం చివర లైటరుతో కాల్చి, మెత్తబడగానే స్క్రూ తల మీద అదిమిపట్టాడు. అది చల్లారాక మెల్లగా తిప్పితే, స్క్రూ బుద్ధిగా పైకొచ్చింది. లోపల పచ్చటి బోర్డు మీద గుండ్రటి సెల్లు, రెండు రేకులతో టంకం వేసి ఉంది. మీటరు పెట్టి చూసి, "చాచా, యే తో కబ్ కా మర్‌గయా" అని చెప్పి కొత్తది అతికించాడు. ఆట పెట్టారు, పేరు కొట్టారు, సేవ్ చేశారు, ఆఫ్ చేశారు. ఆన్ చేసేముందు నాన్న దేవుడి పేరేదో అనుకున్నారు. తెర మీద మొదటిసారి "కంటిన్యూ" వచ్చింది.

అమ్మ బాబాయిని ఆదివారం దాకా ఉండమంది. అదే కొంప ముంచింది. ఆ క్యాసెట్లో ఒక్క ఆటే దాగుతుంది, రెండోవాడికి చోటు లేదు. నాన్న పడుకున్నాక బాబాయి తన పేరుతో కొత్త ఆట మొదలుపెట్టారు. పోటీవాడికి పేరు పెట్టమంటే "అన్నయ్య" అని పెట్టారు. అదీ సరిగ్గా ఏడక్షరాలే. బాబాయిది మిద్దె తోట ప్రాణం, కాబట్టి మొక్క జాతి బల్బసార్. దాంతో అక్కడి "అన్నయ్య" నిప్పు పట్టుకున్నాడు. సేవ్ చేయబోతే, పాత ఆట చెరిగిపోతుంది, ఓకేనా అని అడిగింది. ఓకే అన్న మాట కనిపిస్తే నొక్కేయడం బాబాయికి ఫోన్‌తో వచ్చిన అలవాటు.

సోమవారం బాబాయి వెళ్లిపోయాక నాన్న ఆట తెరిచారు. ఆటగాడి పేరు: బాబాయిది. బ్యాడ్జీలు: ఒకటి. నాన్న ఇన్నాళ్లలో ఒక్క బ్యాడ్జీ మొహం చూడలేదు. ప్యూటర్ సిటీలో బ్రాక్ అనే బండరాళ్ల ఆసామి దగ్గర గెలిస్తే వచ్చే బ్యాడ్జీ అది. రాళ్ల మీద మొక్కదే పైచేయి, బాబాయి తీగతో కొట్టి తెచ్చేసుకున్నారు. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సామాన్లు తనిఖీ చేశారు. ఒక చేప కనిపించింది, మ్యాజికార్ప్. దారిలో ఎవడో ఐదొందలకి అంటగట్టాడు. పోటీలో దింపితే ఎగిరెగిరి పడటం తప్ప దానికేమీ రాదు. "ఐదొందలు! బేరం కూడా ఆడుండడు" అని నాన్న మొహం కొంచెం తేటపడింది.

ఆ ఆటనే కొనసాగించారు. బాబాయి పేరుతో, బాబాయి బ్యాడ్జీతో, బాబాయి డబ్బుతో సెరూలియన్ సిటీ దాకా వెళ్లారు. అక్కడ వంతెన ముందు "అన్నయ్య" ఎదురొచ్చాడు. నాన్న ముందుగా చేపని దింపారు. అది ఎగిరెగిరి పడింది. తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. కళ్లకి చీకట్లు, జేబులో సగం ఖాళీ.

నాన్న అంత ఆనందంగా ఓడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలోంచి లేవకుండానే కూకట్‌పల్లికి ఫోన్ కలిపి, అవతల హలో అనే వ్యవధి కూడా ఇవ్వకుండా అందుకున్నారు.

"తమ్ముడూ, ఇవాళ నీ డబ్బు సగం ఊడ్చేశాను! ఆ ఐదొందలు పెట్టి ఇంటికి తెచ్చుకున్నావే, అది కూడా ఎందుకూ పనికిరాలేదు!"

ఫోన్ ఎత్తింది పిన్ని.