ఇతర ఖర్చులకు జరిగిన అన్యాయం

కార్మిక సంఘాల నాయకులను ఇంతగా చిన్నబుచ్చిన సినిమా మరొకటి లేదని, మద్రాసు నగరంలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో 19 ఏళ్లుగా సంఘం చందా కడుతున్న అర్హతతో సవినయంగా మనవి చేసుకుంటున్నాను. 1978లో పాల్ ష్రేడర్ తీసిన ‘బ్లూ కాలర్’లో, డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీ కార్మికులు ముగ్గురు అప్పుల బాధ పడలేక తమ సంఘం ఇనప్పెట్టెకే కన్నం వేస్తారు. దొరికేది 600 డాలర్లు, ఒక లెక్కల పుస్తకం. సంఘం సొమ్ము దొడ్డిదారిన ఎవరెవరికి అప్పుగా వెళ్లిందో అందులో పద్దులతో సహా ఉంటుంది.

పద్దులతో సహా! ఇంతటి చేతగాని నాయకత్వాన్ని చూసి నా మనసు కలత చెందింది.

1918లో వాడియా గారు మద్రాసు లేబర్ యూనియన్ స్థాపించి దేశానికే దారి చూపిన ఊరు మాది. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం ఏటా ఆడిట్ చేసిన లెక్కలు పంపమనేది కనుక, మేమూ లెక్కలు రాస్తూ వచ్చాం. ఒకసారి క్యాంటీనులో జరిగిన వార్షిక సభలో ధైర్యం చేసి పుస్తకం చూపించమన్నాను. కోశాధికారి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన పొడుగు పుస్తకాన్ని ఎంతో ఆదరంగా నా ముందు తెరిచారు. ‘ఇతర ఖర్చులు’ అన్న మాట ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. దాని ఎదుట అంకె ఉండాల్సిన చోట గోధుమరంగు మరక ఉంది.

“టీ ఒలికింది తమ్ముడూ” అన్నారాయన. ఆ టీ కూడా ఆ పద్దులోదేనట.

సినిమాలో ఒకడి లాకరు తలుపు సరిగ్గా తెరుచుకోక వేలు గాయమవుతుంది, సంఘం పట్టించుకోదు. దీన్నీ దర్శకుడు తప్పుగానే చూపించాడు. లాకరు బాగుపడితే కార్మికుడు ఇక ఏ పని మీద సంఘం ఆఫీసు మెట్లెక్కుతాడు? మా షెడ్డులోని మూడో ఫ్యాను నాలుగు సంఘ ఎన్నికల కరపత్రాల్లో తిరిగింది. షెడ్డులో మాత్రం ఇంతవరకు తిరగలేదు. ఇక ముగ్గురిలో ఒకణ్ణి పెయింటు గదిలో ఊపిరాడకుండా చేసి చంపడం నాకూ నచ్చలేదు. అలాంటిదాన్ని ఏ పద్దు కింద చూపిస్తారు?

అయితే ఒక్క విషయంలో ఆ నాయకులను మెచ్చుకోక తప్పదు. అందరికంటే గట్టిగా అరిచినవాడికి పదవి ఇచ్చి, అతణ్ణి తమలో కలుపుకుంటారు. కిందటి సభ నుంచి నేను మా లెక్కల తనిఖీ కమిటీలో సభ్యుణ్ణి.

ఇప్పుడు టీ నేనే పోస్తున్నాను.