14వ పేజీలో నీలం చొక్కా

అమెరికాలోని మన సంఘం పత్రిక గత సంచిక ఇంట్లో ఉంటే 14వ పేజీ తీయండి. విశాఖలో డిసెంబరు సేవా కార్యక్రమం ఫోటో ఉంటుంది. బ్యానర్ ఎడమ కొస పట్టుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న నీలం చొక్కా నేనే. మధ్యలో కుర్చీలో కూర్చుని గళ్ల దుప్పటి అందుకుంటున్న మామ్మ నవ్వడం లేదు. ఎందుకో చెబుతాను.

క్రిస్మస్ ఇంకా మూడు రోజులుందనగా, భీమిలి వైపు ఒక వృద్ధాశ్రమానికి రెండు వ్యాన్లలో వెళ్లాం. బ్యానర్ మీద లోకానికి వెలుగు పంచుతున్నామని పెద్దక్షరాలు, కింద దాతల ఫోటోలు వరసగా. అందులో నాదీ ఉంది. మొదటిసారి దుప్పటి ఇచ్చినప్పుడు ఒక దాతగారి తల బ్యానర్ మడతలో పడిపోయింది. రెండోసారి మామ్మ కిందికి చూసింది. మూడోసారికి మనవాడొకడు దుప్పటి వెనక్కి తీసుకోబోతే, ఆవిడ రెండు చేతులతో గట్టిగా పట్టేసుకుంది.

"ఇచ్చీసి మళ్లీ తీసీసుకుంటారేటి బాబూ?"

అందరం నవ్వాం. ఫోటోగ్రాఫర్ లైటు ఆవిడ మొహానికి ఇంకాస్త దగ్గరికి జరిపాడు. ఆ ఫోటోయే మీరు చూస్తున్నది. మొత్తం నలభై నిమిషాల్లో పని ముగించి వ్యానెక్కాం. రుషికొండ దాటుతుంటే చేతికి సమోసా ఇచ్చారు. తినలేకపోయాను.

అమెరికా తిరిగొచ్చాక మన కోశాధికారిగారితో ఈ మాట అన్నాను. ఆయన చెప్పింది కొట్టిపారేసేది కాదు. "ఫోటో లేకపోతే డబ్బులు తినేశారంటారు. మనమిచ్చిన దానికి జతగా కంపెనీ ఇచ్చే మ్యాచింగ్ గ్రాంటుకి వాళ్లు ఆధారం అడుగుతారు. ఫోటో చూసే కదండీ మరుసటేడు ఇంకో పదిమంది ఇస్తారు?" నిజమే. ఆ దుప్పట్లూ నిజమే, అవి ఇప్పటికీ అక్కడ ఎవరినో కప్పుతూనే ఉంటాయి. మా ఫెలోషిప్‌లో ఒక బ్రదర్ ఇంకో అడుగు ముందుకేసి, మీ సత్క్రియలు మనుషులకు కనపడేలా వెలుగు ప్రకాశించనివ్వమని ప్రభువే చెప్పాడు కదా అన్నాడు. బైబిల్లో మత్తయి సువార్త 5వ అధ్యాయం. ఒక్క పేజీ తిప్పితే 6వ అధ్యాయంలో, కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదనీ ఉంది. కొండ మీద ఒకే ప్రసంగంలో రెండూ చెప్పాడాయన. మనకి మాత్రం 5 దగ్గరే పేజీ అంటుకుపోయింది.

మన ఊళ్లో అంతా రహస్యంగానే ఇస్తారని నేను కోతలు కోయను. చర్చిలో కానుక ఇచ్చిన కుటుంబం పేరు మైకులో చదవకపోతే పాస్టరుగారితో ఆర్నెల్లు మాటల్లేవు. గోడ గడియారం మీద పేరు, బల్ల మీద పేరు, ఫ్యాన్ రెక్కల మీద పేరు. మా తాతగారి పేరు కూడా ఒక రెక్క మీద ఎర్ర పెయింటుతో ఉండేది. కాకపోతే ఫ్యాన్ తిరిగేటప్పుడు పేరు కనపడదు, గాలే వస్తుంది. కరెంటు పోతేనే తాతగారు కనపడేవారు. అందుకేనేమో, ఆ రెక్కల మీద నాకు కోపం రాదు.

మా అమ్మ విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో స్టాఫ్ నర్సు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక క్రిస్మస్ ముందు రాత్రి నాన్నకి పోర్టులో షిఫ్టు పడింది, అమ్మకి నైట్ డ్యూటీ. ఇంట్లో ఒంటరిగా ఉంచలేక నన్ను కూడా తీసుకెళ్లి డ్యూటీ రూమ్‌లో బెంచీ మీద పడుకోబెట్టింది. నిద్ర పడితేనా? పది దాటాక వార్డులో లైట్లు తీసేశారు. అమ్మ టార్చి పట్టుకుని ఒక్కో మంచం దగ్గరికీ వెళుతోంది, నేను వెనకాలే. టార్చి అద్దానికి అరచెయ్యి అడ్డం పెట్టేది. వేళ్లు దానిమ్మ గింజల్లా ఎర్రబడేవి, సందుల్లోంచి సన్నగా జారిన వెలుగులోనే సెలైన్ చుక్కలు లెక్కపెట్టుకునేది. ఆదివారం బడిలో అప్పుడే కంఠతా పట్టాను, దీపం వెలిగించి కుంచం కింద పెట్టరని. అమ్మమ్మగారింట్లో వడ్లు కొలిచే కుంచం తెలుసు కాబట్టి బొమ్మ కళ్లకు కట్టినట్టుండేది. అమ్మ వాక్యం తప్పుతోందని భయమేసింది. చెయ్యెందుకు అడ్డం పెట్టావని గుసగుసగా అడిగితే, "లైటు నాకు కావాలి, ఆయనకి నిద్ర కావాలి" అంది.

కాసేపటికి మా చర్చి వాళ్లు కేరల్స్ పాడుకుంటూ గేటు దగ్గరికొచ్చారు. డోలక్కూ తాళాలూ బయట పెడితేనే రానిస్తానంది అమ్మ. వరండాలో చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి పాడారు. కాలికి కట్టుతో ఉన్న ఒకాయన తల పైకెత్తి ఇంకొకటి పాడమన్నాడు. పాడారు. ఆయన పేరెవరూ అడగలేదు.

మత్తయి సువార్తకీ మన ఊరికీ పాత చుట్టరికమే ఉంది. 1805లో విశాఖ వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు, ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో సువార్తలను తెలుగు చెయ్యడానికి కూర్చున్నది ఇక్కడే. 1809లో క్రాన్ పోయారు, 1810లో డెస్ గ్రాంజెస్. మత్తయి, మార్కు, లూకా బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకం చేత్తో పట్టుకోలేదు, ఫోటో మాట దేవుడెరుగు. (ఫోటోలు అప్పటికింకా పుట్టలేదనుకోండి.)

హుద్‌హుద్ తుపాను సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఇంటికి లైను మూడో రోజుకి గాని దొరకలేదు. ఎలా ఉన్నావమ్మా అంటే, చర్చిలో క్యాండిల్ సర్వీసుకి దాచిన కొవ్వొత్తుల పెట్టె తెరిచి వీధంతా పంచేశారంది. ఆ క్రిస్మస్‌కి మిగలవేమో అని దిగులు కూడా ఆవిడదే. ఆ నెలలో మనమూ డబ్బు పంపాం, గుర్తుందా? బియ్యం, నూనె, టార్పాలిన్లు కొని పంచింది అక్కడి కుర్రాళ్లు. నేను చూసినంతలో ఒక్క ఫోటో కూడా రాలేదు. ఎవరి ఫోన్లోనూ చార్జింగ్ లేదు మరి. అయినా ఎవరో తినేశారని ఆ ఏడు మనలో ఒక్కరూ అనలేదు.

అందుకని నాదొక్కటే మనవి. మన సంఘం క్యాలెండర్లో క్రిస్మస్ ఎలాగూ దీపావళికీ సంక్రాంతికీ మధ్య ఇరుక్కున్న చిన్న పండగ, ప్రయోగం చేసినా పెద్ద నష్టం రాదు. ఈ డిసెంబరుకి బ్యానర్ గేటు దగ్గరే కట్టేద్దాం, కావాలంటే అక్కడే అందరం నిలబడి ఫోటో దిగుదాం. లోపలికి కెమెరా వద్దు. కొట్టువాడి బిల్లు, ఆశ్రమం వాళ్ల ముద్ర వేసిన ఉత్తరం పత్రికలో వేసుకుందాం. నలభై నిమిషాలు కాదు, ఒక పూట ఉందాం. పెద్దలెవరూ నొచ్చుకోకండి, నా ఫోటో కూడా తీసేయమనే చెబుతున్నాను.

వృద్ధాశ్రమం నుంచి తిరిగొచ్చిన రాత్రే అమ్మకి ఫోన్లో ఆ ఫోటో చూపించాను. మెచ్చుకుంటుందనో తిడుతుందనో చూస్తున్నాను. తెర మీద వేళ్లతో పెద్దది చేసి, మామ్మ కాళ్ల దగ్గర ఆగింది. "ఆ గోళ్లు చూడలేదురా మీరెవరూ?" అంది.

మర్నాడు పొద్దున్నే ఆటోలో వెళ్లాం. అమ్మ సంచీలో నెయిల్ కట్టరు, చిన్న సీసాలో కొబ్బరినూనె, పాత తువ్వాలు. మామ్మ దుప్పటి మడత పెట్టి తలగడ కింద దాచుకుంది. నన్ను చూడగానే చెయ్యి దాని మీద వేసింది. అమ్మ నేల మీద కూర్చుని ఆవిడ పాదం ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలి గోరు లోపలికి వంగి చర్మంలో దిగిపోయింది. గదిలో వెలుతురు చాల్లేదు. నేను ఫోన్ లైటు వేసి పట్టుకున్నాను. మామ్మ కళ్లు మూసేసుకుంది.

"మొహం మీద కాదురా," అంది అమ్మ తలెత్తకుండానే. "కాలి మీద పెట్టు."